అనకాపల్లి సంఘం ప్రార్థించిన ఉపగ్రహం

మొన్న పేపరు లోపలి పేజీలో, మామిడి ధరలకీ ఒక స్థలాల ప్రకటనకీ మధ్య ఇరుక్కుని నాలుగు వాక్యాల వార్త ఒకటి కనబడింది. విశ్వం పుట్టిన కొత్తలో బయల్దేరిన కాంతిని పరిశీలించడానికి విదేశంలో ఎక్కడో ఒక ఉపగ్రహం పంపే ఆలోచనలో ఉన్నారట. కళ్ళజోడు సవరించుకుని రెండోసారి చదివాను. రెండువేల ఐదారు ప్రాంతంలో అలాంటిదే ఒకటి మన దేశమూ పంపాలని అడిగినవాళ్ళలో నేనొకదాన్ని. ఆ సంగతి మేము అడిగిన కమిటీలో ఇప్పుడెవరికైనా గుర్తుందో లేదో గానీ, అనకాపల్లిలో మా చర్చి సంఘంలో మాత్రం గుర్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు.

అప్పట్లో నేను బెంగుళూరులో ఒక పరిశోధన సంస్థలో పనిచేసేదాన్ని. మన తరంవాళ్ళకి చెప్పడం తేలికే. ప్రసారాలు అయిపోయాక టీవీలో బరబరమంటూ చుక్కలు ఆడేవి చూడండి, అందులో పిసరంత ఆ తొలి కాంతిదే. చల్లారి చల్లారి మైక్రోవేవులై, అన్ని దిక్కుల నుంచీ నేటికీ మన మీద పడుతూనే ఉంది. మేము కొలవాలనుకున్నది దాని వాలు. పుస్తకాల్లో ధ్రువణం అంటారు. రాత్రి గాలి ఎటు నుంచి వీచిందో పొద్దున్నే వరిచేను ఒరిగిన తీరు చూసి మునగపాక రైతు చెప్పినట్టే, ఆ కాంతి తరంగాలు ఏ వాలున ఊగుతున్నాయో ఆకాశమంతా కొలిస్తే, విశ్వం పుట్టుకలో ఎలాంటి కుదుపు వచ్చిందో చెప్పవచ్చు. కాకపోతే ఆ కుదుపు మిగిల్చిన గుర్తు మహా సన్నం. నేల మీద నుంచి చూస్తే గాలిలో తేమ అడ్డం, పైకెళ్ళినా మన పాలపుంతలోని ధూళి అడ్డం. ఆ ధూళిని వేరుచేసి చూడాలంటే పైనుంచి, రకరకాల పౌనఃపున్యాల్లో, ఆకాశమంతా చూడాలి కాబట్టి ఉపగ్రహమే కావాలన్నది మా వాదన.

ఆ వాదన కాగితాల మీద పెట్టే రోజుల్లోనే సెలవుకి ఇంటికొచ్చాను. టీచరుగా రిటైరైన మా అమ్మకి కూతురు ఏం చేస్తోందో తెలుసుకోవడం బాధ్యతలాంటిది కాబట్టి, వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టి మొత్తం చెప్పించుకుంది. ఆ ఆదివారం గుడిలో పాస్టరు అయ్యగారు ప్రార్థన మనవులు చదువుతున్నారు. ఒకావిడ గొంతు ఆపరేషను, తర్వాత నక్కపల్లి బదిలీ తప్పించుకోవాలనుకుంటున్న ఒక గుమాస్తా, ఆ వెంటనే నా ఉపగ్రహం. ధూళి అడ్డు తొలగాలన్నది కూడా అమ్మ మరిచిపోకుండా చేర్పించింది. సిగ్గుతో చచ్చిపోయాను.

సంఘ పెద్దల్లో ఒకాయనకి అది మింగుడుపడలేదు. సృష్టి ఆరంభాన్ని తూకం వెయ్యడానికి మనమెవరం, దానికోసం ప్రార్థన కూడానా అని ఆయన పట్టు. అయ్యగారు నెమ్మదస్తుడు, ఆ తగవు తన నెత్తిన పెట్టుకోకుండా, ఆరాధన అయ్యాక చాపల మీద అందరినీ కూర్చోబెట్టి నన్నే వివరించమన్నారు. కమిటీకన్నా ముందు నేను వాదించుకున్నది అక్కడే. వరిచేను పోలిక పుట్టింది కూడా ఆ చాపల మీదే. పెద్దాయన చివరికి, చూడ్డం తప్పు కాదులే అని ఒప్పుకున్నారు. చిక్కు వచ్చింది మా మావయ్యతో. ఆయనకి బెల్లం మార్కెట్లో కమిషన్ కొట్టు.

"ఇంతకీ దొరుకుతాదా, దొరకదా? అది సెప్పమ్మా," అన్నాడు.

దొరకొచ్చు, దొరక్కపోవచ్చు అన్నాను.

"అలగంటే ఎవడిత్తాడు? తియ్యగుంటాదో ఉండదో తెల్దు, కొనండి బాబూ అని బెల్లం అమ్ముతామేటి? దొరికేత్తాదని సెప్పీ!"

గుడంతా నవ్వింది. తమాషా ఏమిటంటే, బెంగుళూరు సంస్థలో మా పెద్దవాళ్ళు కూడా నాకిచ్చిన సలహా అదే, కాకపోతే ఇంగ్లీషులో ఇచ్చారు.

కమిటీ ముందు రెండు ప్రతిపాదనలున్నాయి, ముందుకెళ్ళేది ఒకటే. మాది కాదంటే మా బృందం నిలవదని, ఇన్నాళ్ళ పని అటకెక్కుతుందని అందరికీ తెలుసు. మాట్లాడవలసింది నేను. అంతా బాగానే సాగాక, దొరక్కపోతే ఏమిటని ఒక పెద్దమనిషి అడిగారు. ఉపగ్రహం నిలబడేది ఆ ఒక్క జవాబు మీదేనని నాకు తెలుస్తూనే ఉంది. దొరక్కపోతే ఆ గుర్తు మనం కొలవగలిగినదానికన్నా చిన్నదని తేలుతుంది, తర్వాత వెతికేవాళ్ళకి అదీ పనికొస్తుంది, దొరుకుతుందని మాత్రం హామీ ఇవ్వలేను అన్నాను. ఆయన తల ఊపి కాగితం మీద ఏదో రాసుకున్నారు. రెండోదే ఎంపికైంది. బృందంలో వాళ్ళు తలోదిక్కూ వెళ్ళిపోయారు. నాకు కోపం వచ్చింది, చాలా రోజులు ఉంది.

తర్వాత ఇంటికొచ్చిన ఆదివారం సాక్ష్యాల సమయం. అడిగింది దక్కినవాళ్ళు లేచి చెబుతారు, దక్కనివాళ్ళు కూర్చునుంటారు, వాళ్ళనెవరూ కదపరు, అదొక మర్యాద. గొంతు ఆపరేషనావిడ లేచింది, గుమాస్తా లేచాడు. నేను పాటల పుస్తకంలో తల దూర్చాను. పక్కన అమ్మ లేచింది. చెంగు పట్టుకుని లాగాను, విదిలించుకుంది.

"మా పిల్ల అడిగింది ఇవ్వలేదండి. ఖాయంగా దొరుకుతాదని చెప్పుంటే ఇచ్చీవోరేమో. తెలీనిది తెలీదనే చెప్పింది. అందుకు దేవునికి వందనాలు."

కూర్చుంది. ఇలాంటిదానికి ఆమేన్ అనొచ్చో అనకూడదో ఎవరికీ తెలియలేదు. అప్పుడు వెనక వరసలోంచి మా మావయ్య గట్టిగా ఆమేన్ అన్నాడు. బయటికొచ్చాక చెప్పులేసుకుంటూ, బెల్లం కొట్టుకి మాత్రం నువ్వు పనికిరావమ్మా అనడం మానలేదనుకోండి. నా కోపం ఎక్కడ తగ్గిందని అడిగితే, ఆ చెప్పుల దగ్గరేనని చెబుతాను.

ఆ గుర్తు దొరికిందని తర్వాత ఒకసారి ఎక్కడో ప్రకటించారు. చివరికి అది ధూళి చేసిన పనేనని తేలింది. ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నారు. ఇప్పటి పిల్లలు మా కన్నా తెలివైనవాళ్ళు, వాళ్ళ పరికరాలూ గొప్పవి. కానీ ఏం కనుక్కుంటారో డబ్బిచ్చేవాళ్ళు ముందే రాసివ్వమంటున్నారట వాళ్ళని, వాళ్ళూ రాసేస్తున్నారు. సంఘం మనవులు ఫోన్లోకి వచ్చేశాయి. ఎవరు ఏమడిగినా క్షణంలో జోడించిన చేతుల బొమ్మలు వరసకడతాయి, అడిగింది దక్కిందో లేదో మళ్ళీ ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. దక్కలేదని నలుగురిలో లేచి చెప్పినావిడ నాకు తెలిసి మా అమ్మ ఒక్కతే. ఆ వార్త చదివి వినిపిద్దామంటే ఆవిడ లేదు.