దండం పెట్టినా ఆగని పాట

బొంబాయి దగ్గరి భీవండిలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, ఏడాది పనిచేసి తిరిగొచ్చే మా సిరిసిల్ల కుర్రాళ్లు చేతి గడియారమో, టేపు రికార్డరో, అవ్వకు ఒక నైలాన్ చీరో తెచ్చేవారు. నేను కీబోర్డు తెచ్చాను. ఎనభైల చివరి మాట. పాత సామాన్ల బజారులో కొన్నదాన్ని తుండులో చుట్టి, బస్సులో ఒళ్లోంచి దించకుండా తెచ్చాను. కామారెడ్డిలో వేములవాడ పోయే జనం ఎక్కారు. నా పక్కన కూర్చున్న ముసలామె తుండు ఎత్తి చూసింది.

"గిదేంది కొడుకా, హార్మోనియమా?"

"కాదవ్వా. దీంట్ల అన్నీ ఉంటయి. వయొలిన్, పిల్లనగ్రోవి, డ్రమ్ము, అన్నీ."

"మంచిగుంది. అన్నం గూడ వండుతదా?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజుల్లో నాకు అన్నిటికీ నవ్వే వచ్చేది.

అసలు సంగతి ఏమిటంటే, నాకు వాయించడం రాదు. ఆ పెట్టెకు ఒక మూలన ఎర్ర బటన్ ఉండేది. అది నొక్కితే పెట్టె తనంతట తానే ఒక పాట మొదలుపెట్టి, డ్రమ్ముతో సహా, చివరిదాకా వాయించి మళ్లీ మొదటికొచ్చేది. కొనేవాళ్లకు నమూనా చూపించడానికి పెట్టిన పాట అది. ఇంటికి రాగానే దాన్నే నొక్కి, పెట్టె మెట్ల మీద వేళ్లు ఆడించాను. సాంచా మీద తెగిన పోగులు అతికి అతికి నా వేళ్లు మహా చురుకు. పాట పరుగెత్తిన చోట వేళ్లను పరుగెత్తించాను, నెమ్మదించిన చోట కళ్లు కూడా మూశాను. కండెలు చుడుతున్న అవ్వ, అంటే మా అమ్మ, రాట్నం వదిలేసి వచ్చింది.

"ఓరి నా కొడుకా, ఎన్నడు నేర్చినవ్ రా!"

నిజం చెప్పే సందు అక్కడే ఉంది. కానీ అప్పటికే గుమ్మం నిండా వాడకట్టు జనం. బాపు మీసం దువ్వుకుంటున్నాడు. ఎవరు చెబుతారు?

ఒక్క మామ ముందు మాత్రం భయం వేసింది. మామ అంటే అవ్వ తమ్ముడు. పగలు ఊళ్లో నా పక్క సాంచా మీదే పని, పెళ్లిళ్ల కాలంలో మా ఊరి బ్యాండు మేళంలో డ్రమ్ము. డ్రమ్ము మెడకు వేలాడదీసుకుంటే దాని వంక చూసేవాడే కాదు, ఆడేవాళ్ల కాళ్ల వంక చూసేవాడు. ముసలాయన ఆటకు దిగితే దెబ్బ నెమ్మదించేది, పెళ్లికొడుకు దోస్తులు దిగితే ఉరికేది. కాళ్లు నొప్పులని మూలుగుతున్న మా పెద్దమ్మను ఒక పెళ్లిలో అర కిలోమీటరు ఆడించిన మనిషి.

మామ వచ్చి కీబోర్డుకు చెవి ఆనించి కూర్చున్నాడు.

"మంచిగుంది అల్లుడా. ఒక్క దెబ్బ గూడ తప్పుతలేదు."

చెవి తీయకుండానే మళ్లీ అన్నాడు, "ఒక్కటి గూడ తప్పుతలేదేందిరా?"

నా వేళ్ల వంక ఒకసారి, నా మొహం వంక ఒకసారి చూశాడు. చాయ్ తాగి పోయాడు. మామకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. రెండు రోజులు సిగ్గుపడ్డాను. మూడో రోజు బ్యాండు మాస్టరు ఇంటికి రావడంతో సిగ్గు సంగతి మరిచాను.

ఆయన క్లారినెట్ వాయిస్తాడు. పాటంతా విని ఒకే ప్రశ్న అడిగాడు.

"డ్రమ్ము గూడ దీంట్లనే ఉన్నదా?"

"ఉన్నది," అన్నాను ఛాతీ విరుచుకుని.

"అయితె మన ఆసామి కొడుకు పెండ్లికి నువ్వు రా. మీ మామకు గా రోజు ఆరాం."

మామ పనిచేసే, తిరిగొచ్చాక నేనూ మళ్లీ చేరిన సాంచాల యజమానే ఆసామి. పెళ్లి సుల్తానాబాద్‌లో, ఆడపిల్లవారి ఊళ్లో. అంత పెద్ద పెళ్లిలో నేను! మామ మాట ఆ క్షణంలో గొంతు దాకా వచ్చి, సంతోషం అడ్డం పడి, అక్కడే ఆగింది. ఈ ఒక్క పెళ్లి కానీ, నా పేరు నిలబడితే మాస్టరుతో చెప్పి మామను మళ్లీ పెట్టిస్తానని నాకు నేను గట్టిగా మాటిచ్చుకున్నాను. ఆ రోజు డ్రమ్ము అక్కర్లేదట అని మామతో నేనే చెప్పాను.

"ఫికర్ జెయ్యకు రా," అన్నాడు మామ. "ఇన్నేండ్ల సంది పెండ్లిళ్లల్ల అందరు తిన్నంక తింటున్న. గీసారి చుట్టంలెక్క పోత, మొదటి బంతిల కూసుంట."

ఎదుర్కోలు పొద్దున పదింటికి. తోపుడు బండి మీద నా పెట్టె, లారీ బ్యాటరీ, రెండు లౌడ్‌స్పీకర్లు. ఎర్ర బటన్ నొక్కాను. సుల్తానాబాద్ వాళ్లు వరికోతలు వదిలేసి వచ్చినట్టు రోడ్డుకు అటూ ఇటూ నిలబడ్డారు. పిల్లలు బండి కిందనుంచి దూరి చూస్తున్నారు, లోపల మనుషులు ఉన్నారేమోనని. నా వేళ్లు ఆ రోజు ఆడినట్టు ఎన్నడూ ఆడలేదు. మెడ కూడా తిప్పుతున్నాను. నాకే నమ్మకం కలిగింది, నేనే వాయిస్తున్నానని.

అంతలో ఆసామి జనాన్ని తోసుకుంటూ వియ్యంకుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు.

"బావా, గీ పిలగాడు మావోడే. మా కార్ఖానల పనిచేస్తడు!"

మాకు ఒక అలవాటు ఉంది. ఆసామి ఎదురుపడితే చేతిలో ఏ పనున్నా వదిలేసి దండం పెడతాం. చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు, బుర్రను అడగదు. నా రెండు చేతులూ మెట్ల మీదినుంచి లేచి జోడయ్యాయి.

పాట ఆగలేదు. పైగా అది పరుగెత్తే చోటు. వయొలిన్లూ డ్రమ్మూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతున్నాయి, నేను వాటి ముందు చేతులు జోడించి నిలబడ్డాను. ఆసామి నా చేతులు చూశాడు. పెట్టెను చూశాడు. మళ్లీ నా చేతులు చూశాడు. చేతులు మళ్లీ మెట్ల మీద పెట్టాను, ఇంకెందుకు!

ఆడపిల్లవారి తరఫు ముసలామె ఒకామె గట్టిగా అంది, "అవ్వో! దండం పెడుతుంటె గూడ వాయిస్తున్నది!"

తన్నులే అనుకున్నాను. జనం విరగబడి నవ్వారు. కోపం మచ్చుకైనా లేదు. ఆసామి తానే వేలు చాచి బటన్ నొక్కాడు, పాట ఆగింది. మళ్లీ నొక్కాడు, వచ్చింది. "నాగ్గూడ వస్తది!" అని అరిచాడు. వియ్యంకుడు నొక్కాడు. పెళ్లికొడుకు జీపు దిగొచ్చి బాసికంతోనే నొక్కాడు. ముహూర్తం దాటుతున్నదని మొత్తుకుంటూ వచ్చిన అయ్యగారు, అందరి వంకా ఒకసారి చూసి, తానూ ఒకసారి నొక్కి పోయాడు. ఊరంతా ఒక్క పూటలో విద్వాంసులైపోయారు. నా గుట్టు బయటపడ్డందుకు ఏడవాలో, ఎవరూ పట్టించుకోనందుకు ఏడవాలో తెలియక నవ్వాను.

మనిషి సంగీతాన్ని యంత్రం పాడుచేసిందనే పెద్దమనుషులతో నేను ఇప్పటికీ పోట్లాడతాను. అది పాపం బల్ల మీద కూర్చుంది, అంతే. వేళ్లు ఆడించింది నేను. ఆ తర్వాత రెండేళ్లలో వాడకట్టుకొక కీబోర్డు వచ్చింది. భైంసాలో మరాఠీ చుట్టాలున్న ఒక పెళ్లికి పోతే అక్కడా అదే ఎర్ర బటన్ పాట, అదే వేగం. హార్మోనియం పెట్టె తాకే ధైర్యం కూడా లేని పిల్లలు ఎందరో దానివల్లే సరిగమలు పట్టారు. వాళ్లలో చాలామంది నాలాగే బటన్ దగ్గరే ఆగిపోయారు. నాకు ఇవాళ్టికీ సొంతంగా వచ్చిన పాటలు మూడు.

సరే, ఎదుర్కోలుకు వస్తాను. ఎవరో మామను చెయ్యి పట్టి ఆటలోకి లాగారు. అప్పటిదాకా ఇస్త్రీ చొక్కాతో ఒక పక్కన నిలబడి ఉన్నాడు. మామ ఆడగా నేను ఎన్నడూ చూడలేదు. ఎట్లా చూస్తాను, ప్రతి పెళ్లిలోనూ మెడలో డ్రమ్ము ఉండేది. ఒట్టి చేతుల వంక ఒకసారి చూసుకుని, వాటిని గాల్లోకి లేపి, దిగాడు.

అమ్మో, ఏం ఆడాడు! పెట్టెలో డ్రమ్ము ఎంతసేపైనా ఒకే తీరుగా పోతుంది, ముక్తాయింపు ఉండదు. వరుస తిరిగే చోటు రాగానే మామ మడమతో నేల మీద ఆ ముక్తాయింపు వేశాడు. రెండోసారి వేశాడు. మూడోసారికి ఆడేవాళ్లందరూ ఆ మడమ కోసం ఆగి, దానితో పాటు గంతేశారు. ఆసామి పంచె ఎగ్గట్టాడు. మామ భార్య, మా అత్త, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూ నవ్వుతూ రోడ్డు మీదే కూలబడింది. నాకు నవ్వి నవ్వి కళ్లనీళ్లు వచ్చాయి.

"ఆపకు అల్లుడా! ఆపకు!" అని అరుస్తున్నాడు మామ.

ఆపలేదు. అంత సంతోషం నేను మళ్లీ ఏ పెళ్లిలోనూ చూడలేదు.

సాయంత్రం తిరిగొచ్చే బస్సులో ముందు సీటు నుంచి మాస్టరు వెనక్కి తిరిగాడు. "ఇంకో రెండు పెండ్లిళ్లు ఒప్పుకున్న. పెట్టె తీస్కొని నువ్వొక్కనివి వస్తె సాలు. వస్తవా?"

మామ నా పక్కనే ఉన్నాడు, చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుంది. నేను నాకిచ్చుకున్న మాట బాగా గుర్తుంది. మరిచిపోయానంటే అబద్ధం.

"వస్త," అన్నాను. మామ మాట ఎత్తలేదు.

"శాబాష్ రా," అని మామ నా వీపు తట్టాడు. ఆ చెయ్యి మళ్లీ ఏ పెళ్లిలోనూ డ్రమ్ము పుల్ల పట్టలేదు.