తిన్నాక చెప్పిన కబురు

మొన్న ఆదివారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని పప్పు కలుపుకుంటుంటే పక్కన పెట్టుకున్న ఫోన్ టింగుమంది. ఎడమచేత్తో తీసి చూశాను. నా స్నేహితురాలి అమ్మ ఫొటో, చుట్టూ పూలు, కింద ‘ప్రభువునందు నిద్రించారు’ అన్న మాట, దాని కింద అప్పటికే వరసగా దణ్ణాలు, ఏడుపు బొమ్మలు. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆకలితో ఉన్న మనిషికి చావుకబురు చెప్పకూడదని పంతం పట్టిన మనిషి ఆమె; చివరికి ఆమె కబురే నాకు నోటి దగ్గర ముద్ద ఉండగా వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. ఆ పెట్టినవాళ్ళెవరో గాని, ఒక్క గంట ఆగితే వాళ్ళ సొమ్మేం పోయేది?

మన ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో కబురనేది బస్సెక్కో నడిచో మనిషితో పాటే రావాలి. నేనూ నా స్నేహితురాలూ ఉదయగిరిలో ఆడపిల్లల బడిలో కొత్తగా పంతులమ్మలుగా చేరి, ఒకే గది అద్దెకు తీసుకుని, ఒకే పొయ్యి మీద వండుకుంటూ ఉండేవాళ్ళం. వాళ్ళది సోమశిల దగ్గర. డ్యామ్ కట్టినప్పుడు పాత ఊరు నీళ్ళ కిందికి పోతే మెట్ట మీద ఇళ్ళ స్థలాలిచ్చి కూర్చోబెట్టిన కాలనీ. మాది మర్రిపాడు దిక్కు, వాన పడితే పంట, లేకపోతే గొర్రెలు. చేప అంటే మాకు ఎప్పుడో సంతలో వాసన చూసే వస్తువు. నేను వండే పులుసు తను నోట్లో పెట్టుకుని, దాన్ని చేప అంటే చేపకే కోపం వస్తుందని, ఒక శని ఆదివారాలు మా ఇంటికి రా, మా అమ్మ చేతిది తిందువుగాని అని ఏడాది పొడుగునా నా ప్రాణం తీసింది. నేనేమో ఇదిగో అదిగో అంటూ ఆ ఏడాదంతా గడిపేశాను.

చివరికి ఒంటిపూట బడులు మొదలైన వారం, ఇంట్లో ఏదో పని ఉందని తను బుధవారమే సెలవు పెట్టి వెళ్తూ, శనివారం బడి కాగానే నన్ను వచ్చేయమంది. సరేనన్నాను. గురువారం తెల్లవారుజామున దొడ్లో కట్టెలు తీయబోతే దాన్ని పాము కరిచింది. బండి కట్టుకుని ఆత్మకూరు ఆసుపత్రికని బయల్దేరి, సగం దారి కూడా పోకముందే బండి వెనక్కి తిప్పుకున్నారు. శుక్రవారం ఉదయం పూడ్చిపెట్టారు. ఉదయగిరికి మనిషిని పంపాలన్న తెలివి ఆ ఏడుపుల్లో ఎవరికీ లేదు, నేను శనివారం వస్తానన్న సంగతి వాళ్ళమ్మకు తప్ప ఎవరికీ గుర్తు కూడా లేదు. నేను మాత్రం శనివారం మంచి చీర కట్టుకుని, తనకిష్టమని కనకాంబరాలు తడిగుడ్డలో చుట్టుకుని, ఆత్మకూరులో బస్సు మారి, పాటలు కూనిరాగం తీసుకుంటూ వెళ్ళాను.

బస్సు దిగితే వాళ్ళ నాయన నిలబడి ఉన్నారు. ఒకసారి బడికి వచ్చారు కాబట్టి గుర్తుపట్టాను. నా చేతిలో సంచి తీసుకున్నారు. మహారాణిగారికి ఇక్కడిదాకా రావడానికి కాళ్ళు నొప్పులా అని నేను మొదలుపెట్టాను. ఆయన ముందుకు తిరిగి, “పద తల్లీ, ఎండగా ఉండాది” అన్నారు. అంతే. ప్రార్థన చేసే నోరు, అబద్ధం పలకదు. దారి పొడుగునా డ్యామ్‌లో నీళ్ళు ఎంత తగ్గినయ్యో, వేరుసెనగ ఏమైపోయిందో చెప్పారు గాని నేను అడిగిన దానికి మాత్రం జవాబు చెప్పలేదు. నాకు అనుమానం వస్తే ఒట్టు! నా ధోరణి నాది, తను బడిలో నిద్రపోయి దొరికిపోయిన సంగతులు, గదిలో నాచేత అంట్లు తోమించిన సంగతులు ఆయనకు పూసగుచ్చినట్టు చెప్పుకుంటూ నడిచాను. బోరింగు దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి పంపు కొట్టడం ఆపేశారు. కొత్త మనిషిని కదా అని చీర సర్దుకున్నాను. ఒక ముసలామె ఏదో అనబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు. దారిలో ఎవరూ నోరు జారకుండా చూడమని వాళ్ళమ్మే ఆయన్ని బస్సుకు ముందే పంపిందని తర్వాత తెలిసింది.

వాకిట్లో వాళ్ళమ్మ నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. కళ్ళు వాచి ఉంటే పొగకనుకున్నాను. అది యాడ అని అడిగితే, “ముందు కాళ్ళు కడుక్కోమ్మా. ఎప్పుడనంగా తిన్నావో” అంది. వంటింట్లో పొయ్యి చల్లగా, బూడిద కూడా లేకుండా ఉంది. ఎంత శుభ్రమైన మనిషో అనుకున్నాను. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు గనక ఆమె పక్కింటికి వెళ్ళి, వాళ్ళ పొయ్యి మీద, వాళ్ళ గిన్నెలో తనే వండి తెచ్చిందట. శనివారానికి మంచి బొచ్చె చేప ఒకటి ఉంచమని నా స్నేహితురాలు చేపలు పట్టే బాబాయితో చెప్పి ఉంచిందట, ఆయన పొద్దున్నే ఆ చేప పట్టుకుని, లోపలికి రావాలో వద్దో తెలియక గడప అవతలే నిలబడ్డాడట. చావింట్లో పులుసేందని వాళ్ళ అవ్వ గొణిగినా ఆమె వినిపించుకోకుండా వెళ్ళి చేప అందుకుందట.

నాకు కంచం పెట్టారు. వాళ్ళ నాయన ప్రార్థన మొదలుపెట్టి, ఈ ఆహారాన్ని ఇచ్చిన తండ్రీ అన్నచోట ఆగిపోయారు. పొలమారిందనుకుని నేను నీళ్ళు అందించాను. మామిడికాయ వేసిన పులుసు, ఎర్రగా, చిక్కగా ఉంది. పొద్దుటినుంచి ఏమీ తినని కడుపు. తిన్నాను, మెచ్చుకున్నాను, మారు అడిగి వేయించుకున్నాను. ఆమె వడ్డిస్తూనే ఉంది. గిన్నెలో తలకాయ ముక్క కనపడితే, అది దానికి ప్రాణం, దానికి తీసిపెట్టండి, లేకపోతే రాత్రంతా నన్ను సాధిస్తుంది అన్నాను. ఆమె గరిటె గిన్నెలో వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

నేను చెయ్యి కడుక్కునేదాకా ఆగి, తుడుచుకోవడానికి తువ్వాలు ఇచ్చి, అప్పుడు చెప్పారు వాళ్ళ నాయన. “తల్లీ, పాప లేదమ్మా.”

నేను ఏడవలేదు. ముందు కోపం వచ్చింది. మీరు మనుషులేనా, అది మట్టిలో ఉంటే నాకు మారు వడ్డించి మరీ తినిపిస్తారా అని ఆ తల్లి మీదికి అరిచాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, నెమ్మదిగా చెప్పింది.

“ముందే చెప్తే తినేదానివా? బక్కది, కడుపు నిండా పెట్టమ్మా అని మరీ మరీ చెప్పినాది. దాని పెళ్ళి చెయ్యలేదు, దాని ప్రాణం నిలపలేదు. ఈ ఒక్క మాటన్నా చెల్లించినాను.”

ఆదివారం గుడిసె గుడిలో ప్రార్థనకు వెళ్ళి, అటునుంచి సమాధి దగ్గరికి వెళ్ళాం. వాళ్ళ తాతల సమాధులన్నీ డ్యామ్ నీళ్ళ కింద. కొత్త సమాధుల దొడ్డిలో ఇది ఒక్కటే ఎర్రమట్టి దిబ్బ. వాడిన కనకాంబరాలు దాని మీద పెట్టాను. సాయంత్రం బస్సు దగ్గరికి వాళ్ళమ్మ వచ్చింది. బస్సు కదలబోతుంటే కిటికీ ఊచ పట్టుకుని, “పులుసులో ఉప్పు సరిపోయిందా? నేను నోట్లో యేసుకోలేకపోయినాను” అని అడిగింది. సరిపోయిందని చెప్పాను. అప్పుడు పొంగుకొచ్చింది ఏడుపు, ఆత్మకూరు దాకా ఆగలేదు.

ఆ పులుసు పెట్టినందుకు ఆమె మీద చాలా ఏళ్ళు కోపం పోలేదు నాకు. మా ఆయన పోయినప్పుడు పోయింది. నెల్లూరు హాస్టల్ నుంచి మా అమ్మాయి వస్తుంటే, దానికి ఎవరూ చెప్పొద్దని అందరినీ బతిమాలి, పక్కింటివాళ్ళచేత అన్నం వండించి, దాని కోసం గడపలో కూర్చున్నాను. ఏడవకుండా వడ్డించాలంటే ఎంత గుండె కావాలో ఆ గడపలో తెలిసింది నాకు. కాని నా బిడ్డ బస్సులోంచే ఏడుస్తూ దిగింది. ఎవరో బంధువు వాళ్ళ నాన్న ఫొటో పెట్టి దండ వేసేశాడు ఫోన్‌లో. ఆ రోజూ మర్నాడూ అది మెతుకు ముట్టలేదు.

ఇప్పుడు కబురుకు ఎదురు వెళ్ళి, చెయ్యెత్తి ఆపి, నీ సంచి మోసుకుని, నువ్వు తిన్నాక చెప్పే మనిషి లేడు. అందరికీ అన్నీ వెంటనే తెలిసిపోవాలి; తెలిసినవాళ్ళ కడుపులో ఏముందో ఎవరికీ పట్టదు.

ఫోన్ బోర్లా పెట్టాను. లేచిపోదామనుకున్నాను గాని, కంచంలో అన్నం వదిలి వస్తే ఆమె ఊరుకోదనిపించింది. ఒక్కో ముద్దా కష్టం మీద మింగి, కంచం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు కూర్చుని ఏడ్చాను. పప్పులో ఉప్పు వేశానో లేదో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.