‘చల్లగ పెట్టుండ్రి’ అన్నది నేనే

2024 అక్టోబరు. మెదక్ బస్టాండు దగ్గరి ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుగా నాకు అది మూడో ఏడు. చీటీ చూసి డబ్బా అందించడమే మా పని అనుకుంటారు. మందు ఎలా వాడాలో, ఎక్కడ దాచాలో చెప్పడం అందులో సగం. నాకు ఎక్కువ మాట్లాడటం రాదు. అందుకే చెప్పాల్సిన మాటలు బట్టీ పట్టి పెట్టుకున్నాను. ఇన్సులిన్‌కు ఒకటే మాట: "చల్లగ పెట్టుండ్రి."

మా దగ్గర ఆ మాట అవసరమే. మందు తయారైన చోటు నుంచి రోగి చేతికి చేరేదాకా చల్లగా ఉండాలి. దాన్ని కోల్డ్ చెయిన్ అంటాం. మా ఎండలకు అది ఎక్కడో ఒకచోట తెగుతుంది. పాపన్నపేట వైపు ఫ్రిజ్ లేనివాళ్లకు తడిగుడ్డ చుట్టిన కుండలో పెట్టుకొమ్మని చెబుతాం.

ఆ నెల మొదట్లో యాదగిరన్న, సుజాతక్క వచ్చారు. హవేలిఘనపూర్‌లో ఆయనకు ట్రాక్టర్ల రిపేరు షెడ్డు ఉంది. ఆమె బట్టలు కుడుతుంది. పన్నెండేళ్లుగా షుగరు ఉండి, రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటుంది. పెళ్లయ్యాక మొదటిసారి ఇద్దరే సొంత కారులో హిమాచల్ కొండల్లోని నేషనల్ పార్కులు చూడటానికి పోతున్నారు. ఆయన ఫోన్‌లో మంచు కొండ ఫొటో చూపించాడు.

"గీడికే పోతున్నం చెల్లె. మంచు చిరుత కనవడ్తదట."

"చిరుత సంగతి తెల్వదు. ఇరవై రోజులు ఈయన మొఖమైతె చూడాలె," అంది అక్క.

వెనక నలుగురు చీటీలు పట్టుకొని నిలబడ్డారు. నేను నవ్వి, మూడు వయల్స్, అంటే ఇన్సులిన్ సీసాలు, ఇచ్చి "చల్లగ పెట్టుండ్రి" అన్నాను. ఆ మంచు ఫొటో చూసి కూడా అదే అన్నాను.

పది రోజుల తర్వాత, పొద్దున పదకొండింటికి యాదగిరన్న ఫోన్ చేశాడు. పిన్ వ్యాలీ పార్కు దగ్గర ఒక ఊర్లో, ఒకళ్ల ఇంట్లో గది కిరాయికి తీసుకొని ఉన్నారు.

"అక్కకు మంచిగ లేదు చెల్లె. రాత్రి సంది నీళ్లు తాగుతనే ఉన్నది. పొద్దుగాల రెండుసార్లు కక్కుకున్నది. ఎత్తు మీదికొస్తె గట్లనే అయితది, ఒక రోజు పండుకోనియ్యి అంటున్నరు గీడోళ్లు."

"షుగరు చూసిండ్రా అన్నా?"

"నాలుగొందల పన్నెండు. నిన్న మూడొందల యాభై ఉండె. సూది ఒక్క పూట గూడ తప్పలే."

సూది తప్పకపోతే షుగరు ఎందుకు పెరుగుతుంది? తిండి మారిందేమోనని అడిగాను. రెండు రోజుల నుంచి సరిగా తినడమే లేదట.

"మందు యాడ పెడ్తున్నరు అన్నా?"

"నువ్వు చెప్పినట్లె, చల్లగ. రూంల పొయ్యి ఉన్నది. మందుకు వేడి తగుల్తదని మూడు రాత్రుల సంది బయట కారుల పెడ్తున్న."

"రాత్రి బయట ఎట్లుంటది?"

"బకెట్ల నీళ్లు పొద్దుగాలకు రాయి అయితున్నయి."

ఎండకు చెడినట్టే ఇన్సులిన్ గడ్డకట్టినా చెడుతుంది. కరిగిన తర్వాత కూడా పనికిరాదు. సీసాను అరచేతుల మధ్య దొర్లించి వెలుతురుకు పట్టి చూడమన్నాను. ఆమె వాడే రకం పాలలా ఒకే తీరుగా కనిపించాలి.

"విరిగిన పాల లెక్కున్నది. అడుగున పలుకులు," అన్నాడు.

"మూడు సీసాలా?"

"మూడు. ఒక్క డబ్బలనే ఉండె."

"ఇగ అది వెయ్యకుండ్రి అన్నా. ఎత్తుతోని అయిందని ఊకోవద్దు. ఇప్పుడె బయలెల్లుండ్రి. దవాఖాన యాడున్నది?"

"కాజ టౌన్ల. రెండు గంటల తొవ్వ."

"డాక్టరుకు మొదలు గీ గడ్డకట్టిన సంగతి చెప్పుండ్రి. కీటోన్స్ చూడమనుండ్రి."

ఒంటికి ఇన్సులిన్ అందకపోతే రక్తంలో పేరుకునే ఆమ్లాలే కీటోన్స్. ఎక్కువైతే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ముక్క ఆయనకు చెప్పలేదు, రెండు గంటలు కారు నడపాల్సిన మనిషి. తప్పు నాదేనని కూడా చెప్పలేదు.

ఒంటిగంట దాటింది. ఫోన్ చేస్తే అందుబాటులో లేదని వస్తోంది. దారిలో సిగ్నల్ ఉండదని తెలుసు. తెలిసినా బండి ఆగిపోయిందేమో, ఆమె స్పృహ తప్పిందేమో అనే ఆలోచనలే. ఒకరికి బీపీ గోలీల బదులు పక్క డబ్బా తీశాను. షాపు యజమాని శంకరన్న చూసి, నా చేతిలోంచి అందుకున్నాడు.

"ఏమైందమ్మా?"

చెప్పాను.

"నువ్వేం తప్పు చెప్పినవ్? మెదక్‌ల అందరికి గదే చెప్తం."

"వాళ్లు మెదక్‌ల లేరన్నా."

ఆయన కౌంటర్ దగ్గర తను నిలబడి, నన్ను వెనక కూర్చోమన్నాడు. నాలుగింటిదాకా పంతొమ్మిదిసార్లు ఫోన్ చేశానని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

నాలుగు దాటాక యాదగిరన్నే చేశాడు. "సెలైన్ పెట్టిండ్రు. కొత్త ఇన్సులిన్ ఇస్తున్నరు. కీటోన్స్ ఉన్నయట. ఇంకో రోజు పండవెడ్తె చేతులకెల్లి పోతుండె అన్నడు డాక్టరు. ఇప్పుడైతె కండ్లు తెరిచి నన్ను తిడ్తున్నది."

వెనక గదిలోకి పోయి ముఖం కడుక్కున్నాను.

నెలాఖరుకు ఇద్దరూ షాపుకు వచ్చారు. అక్క చిక్కిపోయింది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నేను ఊరుకుంటే సంగతి అక్కడితో పోయేది.

"మీరు మంచులకు పోతున్నరని తెలిసి గూడ చల్లగ పెట్టుమన్న అక్కా. గడ్డకట్టనియ్యొద్దని చెప్పలే. తప్పు నాది."

సుజాతక్క నా దిక్కు చూసి, తర్వాత ఆయన దిక్కు చూసింది. "కాజ సంది మెదక్ దాక ఈయన్నే తిట్టుకుంట వచ్చిన. బుద్ధున్నోళ్లు మందు బయట పెడ్తరా అని."

"నాగపూర్ దాటినంక నేను వినుడే బంద్ చేసిన," అన్నాడు యాదగిరన్న.

ఆమె నవ్వలేదు. "గీ ముక్క ఆనాడే ఫోన్ల చెప్తె, ఆయనకు జర ఊపిరాడుతుండె చెల్లె."

నా తప్పును ఇన్ని రోజులు ఇంకొకరు మోశారని నాకు అప్పుడే తెలిసింది. ఆమె ప్రాణం గురించి భయపడ్డాను, నా ఉద్యోగం గురించి భయపడ్డాను. ఆయన సంగతి నాకు తట్టనే లేదు.

ఇప్పుడు ఇన్సులిన్ ఇచ్చేటప్పుడు నేను ముందు చెప్పను. ఎక్కడ పెడతారో వాళ్లనే చెప్పమంటాను. మొన్న ఒక పెద్దమనిషికి కోపం వచ్చింది. "నా ఇంట్ల యాడ పెట్టుకుంటె నీకెందుకు?" అన్నాడు. చెప్పేదాకా డబ్బా ఇవ్వలేదు. చివరికి చెప్పాడు: ఫ్రిజ్‌లో పైన, ఐసు గడ్డలు కట్టే అరలో. ఎన్నాళ్లుగా అని అడిగాను. రెండేళ్లుగానట. చల్లగా పెట్టమని మా కౌంటర్ దగ్గరే ఎవరో చెప్పారట.