ఒడ్డు మీద పెంచిన రేసు

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. నా భార్యకు చెప్పలేదు. గుడికి పోయినా కళ్లు మూసుకుని వేరే ఏవో మొక్కుకుని వచ్చేస్తాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ ముందు కూర్చున్నాను. పశ్చాత్తాపం అంటూ దీనికి పెద్ద పేరు పెట్టను. మోసి మోసి అలసిపోయాను, అంతే.

నేను ఇంజన్ల మెకానిక్‌ని. బోధన్ దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు నాది. మోటార్ సైకిళ్లు వస్తాయి, పొలం మోటార్లు వస్తాయి, అన్నిటికంటే ఎక్కువగా బెల్లం గానుగల ఇంజన్లు వస్తాయి. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు వేసేవాళ్లలో కొందరు గానుగలు పెట్టుకున్నారు. గానుగ ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు బాగానే ఉంటుంది. గడలు లోపలికి పోగానే బరువుకు కుంగి ఆగిపోతుంది. అందుకని మేం ముందే రేసు, అంటే ఇంజన్ తిరిగే వేగం, కాస్త ఎక్కువ పెట్టి వదిలేస్తాం. ఆగిపోతోందా, పెంచు. మా దగ్గర ఏ మెకానిక్‌నడిగినా అదే చెబుతాడు. నా చేతికి ఆ అలవాటు ఎంతగా పట్టిందంటే, స్క్రూడ్రైవర్ పట్టుకుంటే చాలు, చెయ్యి దానంతటదే ఆ వైపు తిరిగేది.

మాకు దగ్గర్లో ఒక చెరువు ఉంది. అక్కడ పడవలు తిప్పే కాంట్రాక్టరు ఒకాయన హైదరాబాద్ నుంచి పాత వాటర్ స్కూటర్ ఒకటి తెచ్చాడు. దాన్ని నడిపేందుకు సాయిలును పెట్టుకున్నాడు. సాయిలు అన్నది అసలు పేరు కాదు. చూశారా, ఒప్పుకుంటానని కూర్చుని ఇంకా దాస్తూనే ఉన్నాను. సాయిలు అంతకుముందు అదే చెరువులో చేపలు పట్టేవాడు. నెమ్మదైన మనిషి. అప్పుడప్పుడు కల్లు తాగేవాడు. మా దగ్గర తాగనివాళ్లెవరు?

ఆ బండి గురించి ఒక్క ముక్క చెప్పాలి. దానికి గేర్లు లేవు, క్లచ్ లేదు, న్యూట్రల్ లేదు. ఇంజన్ అందుకుందంటే కింద పంపు నీళ్లను వెనక్కి నెడుతూనే ఉంటుంది, బండి ముందుకు పోతూనే ఉంటుంది. రేసు తక్కువగా ఉంటే మెల్లగా జరుగుతుంది, ఎక్కువగా ఉంటే దూకుతుంది. అందుకే దాని స్లో స్పీడు నీళ్లలో దించి, తాడుతో గట్టిగా కట్టేసి, పంపు మీద బరువు పడుతుండగా సెట్ చేయాలి. ఒడ్డు మీద చేయకూడదు. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేసిన తప్పయితే ఇన్నేళ్లు ఇలా కొట్టుకులాడేవాణ్ని కాదు.

చెరువు మధ్యకు పోయి బండి ఆగిపోతోందని కాంట్రాక్టరు కబురు పెట్టాడు. పోయి చూశాను. చూడగానే అర్థమైంది, కార్బొరేటర్‌లో చెత్త ఇరుక్కుంది. విప్పి కడగాలి. అది పూటంతా పట్టే పని. అప్పుడు గానుగల సీజన్, షెడ్డు ముందు ఇంజన్లు వరుసగా పడి ఉన్నాయి, రైతులు నా ప్రాణం తీస్తున్నారు. ఎవడు విప్పుతాడు, ఎవడు కడుగుతాడు, ఎవడు నీళ్లలో దిగుతాడు? ఒడ్డు మీదే స్టార్ట్ చేసి, చెవితో విని, రేసు స్క్రూ పెంచాను. సరిపోదేమోనని ఇంకాస్త పెంచాను. లోపలి చెత్త ఎప్పుడైనా దానంతటదే కొట్టుకుపోతే ఇంజన్ ఒక్కసారిగా అరుస్తుందని కూడా తెలుసు. అయినా ‘ఇగ ఆగది, పో’ అని చెప్పి వచ్చేశాను.

మర్నాడు పగలే జరిగింది. సాయిలు భార్య గంగవ్వ సద్ది తెచ్చింది. ఆయన బండి మీద ఉన్నాడు, ఆమె మోకాలు లోతు నీళ్లలో నిలబడి డబ్బా అందిస్తోంది. డబ్బా ముందు పెట్టుకుని, బండిని పక్కకు జరపడానికి ఆయన స్టార్ట్ బటన్ నొక్కాడు. బండి ఎగిరి ఆమె మీదికి పోయింది. మోకాలి కింద ఎముక విరిగింది. అందరూ కలిసి ఆమెను నిజామాబాద్ తీసుకుపోయారు.

నాకు కబురొచ్చింది. బండి చూడమన్నారు. నేను పోయేసరికి అక్కడ ఎవరూ లేరు. ఆ కాసేపటి గురించే ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్నాను. అప్పుడు నా మనసులో ఏముంది? గంగవ్వ కాలు ఉందా? లేదు. నా షెడ్డు ఉంది, నా పేరు ఉంది, రేపు ఎవడూ నా దగ్గరికి ఇంజన్ తీసుకురాడన్న భయం ఉంది. మూత తీసి స్క్రూ వెనక్కి తిప్పాను. మూత మళ్లీ బిగించి చేతులు తుడుచుకున్నాను.

కాంట్రాక్టరు వచ్చాక బండిని తాడుతో కట్టి, నీళ్లలో అందరి ముందూ స్టార్ట్ చేసి చూపించాను. చెత్త అప్పటికే పోయింది కాబట్టి ఇంజన్ మెత్తగా, చక్కగా తిరిగింది. ‘బండిల ఏం తప్పు లేదు’ అన్నాను. ఆ ఒక్క మాటతో మిగతాదంతా ఊరే చూసుకుంది. తాగి ఉంటాడన్నారు. తాగే ఉన్నాడన్నారు. ముంత ఎత్తుతుంటే కళ్లారా చూశామని చెప్పినవాళ్లు కూడా పుట్టుకొచ్చారు. సాయిలు పని పోయింది.

కొన్నాళ్లకు ఆయన నా షెడ్డుకు వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“అన్నా, ఒక్క ముచ్చట అడుగుత, ఏమనుకోకు,” అన్నాడు. “నేను ఆ దినం తాగలే. గంగవ్వ మీద ఒట్టు. రేసు గుడ ముట్టలే. ఉత్త బటన్ నొక్కిన, గంతే. అంతకుముందు దినం నువ్వేమన్న రేసు ఎక్కువ పెట్టినవా?”

నన్ను నిలదీయడానికి రాలేదు. నిజంగా తెలుసుకోవాలని వచ్చాడు. అది ఆయన మొహం మీదే కనిపిస్తోంది. ఒక్క ‘అవును’ సరిపోయేది. నేనేమన్నానో వినండి.

“అందరి ముంగట స్టార్ట్ జేసి సూపెట్టిన గద సాయిలు. ఎక్కువుంటే అప్పుడే దుంకకపోవునా? నీకు యాదికి లేదు గని, నీ చెయ్యే రేసు ఒత్తింది.”

ఆయన కుడి చేతిని తిప్పి చూసుకున్నాడు.

“అట్లనే అయ్యుంటది అన్నా,” అన్నాడు. “నాకే సోయి లేకుండె గావచ్చు.”

కొట్లాడి ఉంటే బాగుండేది. నన్ను బూతులు తిట్టి ఉంటే నేనూ తిట్టేవాణ్ని, కోపంతోనైనా రోజులు గడిచేవి. ఆయన నమ్మాడు. పని పోగొట్టడం ఒకెత్తు. మనిషి నుంచి తన చేతి మీద తనకున్న నమ్మకాన్ని లాక్కోవడం ఇంకొకెత్తు. ఎందుకింత నీచానికి దిగానని అడిగితే ఇంతే చెప్పగలను. నోరు తెరిచాక అబద్ధమే ముందు వచ్చింది, వచ్చాక వెనక్కి తీసుకోవడానికి సిగ్గేసింది, ఆ సిగ్గు ముదిరి ఇన్నేళ్లయింది.

అప్పటి నుంచి సాయిలు కల్లు ముట్టలేదు. ఏ బండీ నడపలేదు. కూలికి పోతాడు, చెరకు కొడతాడు. గంగవ్వ కుంటుతూనే ఇంటి పనీ, బయటి పనీ చేస్తుంది. ఆమె నోరు పెద్దది, మనసు మంచిది. ఎవరైనా కాలి సంగతి అడిగితే ‘మా ఇంటాయనిచ్చిన ఇనాం గిది’ అని నవ్వుతుంది. పక్కనే సాయిలు ఉంటాడు. తల దించుకుని తనూ నవ్వుతాడు. ఆ నవ్వు ఒకసారి చూశాను. ఆ రోజు అన్నం సహించలేదు. మర్నాడు మాత్రం మామూలుగానే తిన్నాను, అబద్ధం చెప్పను.

మొన్న ఆయన కూతురు కొత్త స్కూటీ కొనుక్కుంది. దాన్ని నా దగ్గరికి తోసుకుంటూ వచ్చాడు, ఏదో చిన్న పని ఉంది. పని అయ్యాక నడుపుకుంటూ పో సాయిలూ అంటే, చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. ‘నా చెయ్యి మంచిది గాదు అన్నా, నువ్వే ఇంటి దాంక దింపు’ అన్నాడు. నేను నడిపాను, వెనక ఆయన కూర్చున్నాడు. దారిలో ఎవరూ లేరు. మొహం చూడాల్సిన పని కూడా లేదు. చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరుకుతుందా? ఇల్లొచ్చింది. గంగవ్వ చాయ్ ఇచ్చింది. తాగి, నడిచి వచ్చేశాను.

ఆ నడకలో ఒకచోట కూర్చుండిపోయాను. అప్పుడే అనుకున్నాను, ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఇక మోయలేనని. సాయిలుకు చదువు రాదు. ఇది ఎక్కడ అచ్చయినా ఆయన చదవలేడు. ఆ ధైర్యంతోనే చెబుతున్నానా? అవును, అది కూడా ఉంది. అది కూడా రాసుకోండి.

స్క్రూ పెంచింది నేను. వెనక్కి తిప్పింది నేను. ఆయన తాగలేదు. ఆయన చెయ్యి రేసును ఒత్తలేదు. ఇన్నేళ్లలో ఈ నాలుగు మాటలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడటం ఇదే మొదటిసారి. మీరెవరైనా అటువైపు పోతే ఆయనకు చెప్పకండి. నేనే చెప్పాలి. చెబుతానో లేదో మాత్రం మాటివ్వలేను, నా సంగతి నాకు తెలుసు.

మీకు చెప్పాక నాకు కాస్త ఊపిరాడుతోంది. సాయిలు ఇప్పటికీ తన చెయ్యే ఒత్తిందనుకుంటున్నాడు.