మా అక్క మర్చిపోలేదు

మా పెద్దమ్మ కూతురు, నాకంటే నాలుగు నెలలు పెద్దదైన అక్క, మొన్న ఆదివారం కన్నుమూసింది. కామెర్లు ముదిరాయట. మర్నాడు పొద్దున్న రాజోలు నుంచి మనిషి వచ్చి ఆ కబురు చెప్పేసరికి నేను బడిలో హాజరు వేస్తున్నాను. మిగిలిన పేర్లన్నీ పిలిచాకే లేచాను. నేను అలాంటిదాన్ని.

అక్క అలాంటిది కాదు. అన్నం వార్చడానికి గిన్నె దించి, వీధిలో ఏదో చప్పుడైతే అటే వెళ్ళిపోయేది. ఎదుటివాళ్ళ మాట పూర్తికాకుండానే జవాబిచ్చేది. మూడు జాకెట్లు కుట్టడం మొదలుపెట్టి మూడూ సగంలో వదిలేసేది. ఇరవై ఏళ్ళ పిల్ల కుదురుగా కూర్చోలేకపోతే దాన్ని ఏమంటారో మాకు తెలీదు. పొగరన్నారు, నిర్లక్ష్యమన్నారు. "చెల్లెలి కాళ్ళు కడిగి నెత్తిన జల్లుకోవే, బుద్ధొస్తుంది!" అని పెద్దమ్మ రోజూ తిట్టేది. "నీళ్ళు తేనా మరి?" అని అక్క నవ్వేసేది. ఆ పోలిక నాకెంత ఇష్టమో! దాచుకోవడం దేనికి?

డెబ్భైల్లో ఇద్దరం అమలాపురంలో ఒకే గదిలో ఉండి టీచరు ట్రైనింగు చదివాం. ఏ పరీక్ష ఎప్పుడో అక్కకు గుర్తుచేసే పని పెద్దమ్మ నాకు అప్పగించింది. ఆఖరి ఏడాది మాచేత పిల్లలకు పాఠాలు చెప్పించారు. నేను రాసుకున్నది రాసుకున్నట్టు అప్పజెప్పాను. పిల్లలు ఆవలించారు. అక్క గోదావరి పాఠం చెబుతూ బెంచీల మధ్య తనే పాయలు పాయలుగా పరుగెత్తింది, పిల్లలంతా వెంటపడ్డారు. చూడవచ్చిన ఇనస్పెక్టరు గారు నావైపు తిరిగి, "ఆ అమ్మాయిని చూసి నేర్చుకోండమ్మా" అన్నారు.

ఆ వారమే మధ్యాహ్నం పరీక్ష ఒకటి పొద్దుటికి మార్చారు. నోటీసు నేను చూశాను. అక్కకు చెప్పలేదు. బట్టలు ఉతుక్కుంటున్న అక్కతో లైబ్రరీకని చెప్పి, వెళ్ళి పరీక్ష రాసొచ్చాను. పెద్దమ్మకు చదువు రాదు. అందుకే ఈ మాట ఇక్కడ రాయగలుగుతున్నాను.

మళ్ళీ రాయొచ్చన్నా పెద్దమ్మ వినలేదు, అక్క చదువు మాన్పించేసింది. నేను పంతులమ్మనయ్యాను. అక్క కొబ్బరితాళ్ళు పేనే షెడ్డులో చేరింది. నన్నెవరూ అనుమానించలేదు. అక్కయితే ఏడుస్తూ నా చేతులు పట్టుకుంది. "నువ్వు చెప్పే ఉంటావే. నా బుర్రలోనే నిలవలేదు. నా మూలాన నీకు మాట రాకూడదు" అంది. నా రెండు పురుళ్ళకీ అక్కే వచ్చి చేసింది. పొయ్యి మీద పాలు పొంగిపోనిచ్చింది, పిల్లల్ని కడుపుబ్బ నవ్వించింది. ప్రతిసారీ చెప్పేద్దామనుకున్నాను. నోరు రాలేదు.

సమాధుల తోటలో అందరం మన్ను వేశాక పెద్దమ్మ నా భుజం పట్టుకుంది.

"ఆఖరిదాకా ఆ పరీక్ష మాటేనమ్మా. చెల్లి చెప్పింది, నేనే మర్చిపోయేను అనేది. చెప్పేవు కదమ్మా నువ్వు?"

చుట్టూ జనం.

"ఆయ్, చెప్పేను పెద్దమ్మా."

పెద్దమ్మ నా తల నిమిరింది. ఇంటికొచ్చి జడ విప్పితే, ఆవిడ చేతికంటిన మన్ను నా జుట్టులోంచి రాలింది.