అక్క గీసిన తేలుడు దేశం

మొన్న జనగామలో మా మనవరాలు పరీక్ష కోసం మ్యాపు దిద్దుతూ, తీరం పొడవునా నీలిరంగు పెన్సిలుతో సన్నని గీతలు పెడుతుంటే, పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న నా చేయి ఆగిపోయింది. సముద్రాన్ని అట్లా గీతలతో నింపడం నేను నేర్చుకున్నది బడిలో కాదు, డోర్నకల్ రైల్వే క్వార్టర్లో, మంచం పట్టిన మా అక్క దగ్గర.

అప్పుడు నాకు పదేళ్లు, అక్కకు పదమూడు. నాయిన రైల్వేలో, బండి దారి మళ్లేలా పట్టాల పాయింట్లు మార్చే పని చేసేవాడు. ఆ వానాకాలం అక్క వాగు గట్టు మీద జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. అది సరిగా అతకక మళ్లీ మళ్లీ కట్టు కట్టడంతో దాదాపు ఏడాది ఆమె లోకమంతా నులక మంచమే అయింది. మొదట్లో వచ్చిన స్నేహితురాళ్లు మెల్లగా రావడం మానేశారు. ఒకనాడు నా సోషల్ పుస్తకంలో దీవుల పటం చూసి, నాయిన తెచ్చే పాత కాగితాలు నాలుగింటిని మైదాతో అతికించి, వెనకవైపు తనదే ఒక దేశం గీయడం మొదలుపెట్టింది.

మాలాగా సముద్రం ఎరుగని వాళ్లకే అట్లాంటి దేశం తోస్తుందేమో. అక్కడ ఇళ్లన్నీ పడవలే. బడి వాకిట్లోకి వచ్చేది. పెళ్లికూతురు వేరే దీవికి పోతే పుట్టినిల్లు కూడా తాడు విప్పుకొని వెంట పోయేది. బతుకమ్మలను గడపలోంచే నీళ్లలోకి వదిలేవారు. ఏ ఓడ ఏ రేవుకు ఎప్పుడు చేరుతుందో టైంటేబుల్ కూడా రాసింది, రైల్వే ఆయన బిడ్డ కదా. తేలుడు దేశమని పేరు పెడితే, "అంటే తేళ్లుండే దేశమా బిడ్డా?" అని నాయిన నవ్వించేవాడు.

ఒకసారి ఆమె నిద్రపోతుంటే నేను నడి దీవిలో పెద్ద గుట్ట వేసి, పైన కోట పెట్టి, ఎక్కడానికి మెట్లు గీశాను. అక్క లేచి చూసి, కాగితం చిరిగేదాకా రబ్బరుతో రుద్దింది.

"నా దేశంల మెట్లుండయి. ఎవ్వలూ నడువరు," అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ దేశం నిండా నీళ్లే ఎందుకున్నాయో అప్పుడు గాని నాకు తెలియలేదు. రెండు రోజులు ఆ మంచం దగ్గరికి పోవడానికి మొహం చెల్లలేదు. మూడోనాడు నాయిన డ్యూటీ దిగి వచ్చి, చిరుగుకు వెనక ముక్క అతికించి, అక్క పక్కన కూర్చున్నాడు.

"గుట్టనైతే ఉండనియ్యి బిడ్డా. నీకెప్పుడు ఎక్కబుద్ధైతే అప్పుడే మెట్లు గియ్యి. జల్దేం లేదు."

అక్క మెట్లు లేని గుట్ట గీసింది. ఎండాకాలం కట్టు విప్పాక, నాయిన భుజం పట్టుకొని గడపదాకా నడిచిన నాడు, నన్ను పిలిచి పెన్సిలు నా చేతికే ఇచ్చి, "ఒక్కటే గియ్యి, ఎక్కువొద్దు" అన్నది. ఆ తర్వాత కొంచెం కుంటుతూనే బడికి పోయింది, మహబూబాబాద్‌లో టీచరై రిటైరైంది.

నడివయసు దాటాక గాని మేము నిజం సముద్రం చూడలేదు. అలల్లో చీర తడుపుకుంటూ చాలాసేపు నిలబడి, "మన దాంట్ల గింత చప్పుడు లేకుండె చెల్లె" అన్నది అక్క. ఇప్పటి పిల్లలకు ఏ రేవైనా ఫోన్లో పేరుతో సహా కనిపిస్తుంది, మంచిదే. మాకు మాత్రం ఊరు దాటితే అంతా ఖాళీ కాగితమే, ఎవరికి తోచింది వాళ్లు గీసుకున్నాం. పెద్దయ్యాక కూడా కలిసినప్పుడల్లా ఆ పటంలో ఒక ఓడ చేర్చేవాళ్లం; నిజం సముద్రాన్ని చూసి వచ్చాక మాత్రం, ఆ ఖాళీ నిండిపోయినట్టు, మేమిద్దరం మళ్లీ ఒక్క ఓడ కూడా గీయలేదు.