సున్నుండల డబ్బా మీద వేలిముద్ర

ఆడపిల్ల డిగ్రీ చదువుతానంటే పంతులమ్మ అవుతుందని మురిసిపోయే రోజులవి. దొంగల వేలిముద్రల చదువు చదువుతానంటే మాత్రం మా ఇంటిల్లిపాదీ నా నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. ఉత్తరాదిన ఎక్కడో నేరపరిశోధనను డిగ్రీగా చెబుతారని వారపత్రికలో చదివి, కొల్లేటి ఒడ్డున మా పల్లెలో కూర్చుని ఆ కలే కన్నాను. (ఏ తారీఖున చదివానో కూడా చెప్పగలను. మనవరాలు నవ్వుతుందని మానేస్తున్నాను.) నాన్నగారు ఔననలేదు, కాదనలేదు. సరిగ్గా అప్పుడే మా మామ్మ, సున్నుండల డబ్బాలో రోజుకొకటి తగ్గుతోందని పంచాయితీ పెట్టింది. సున్నుండలు మగవాళ్లకూ చుట్టాలకూ. ఆవిడ పొద్దునా సాయంత్రం లెక్క చూసుకునేది. (నా లెక్కల పిచ్చి ఆవిడ ఇచ్చిన ఆస్తే.) నాన్నగారు నవ్వి, "ఆ దొంగను పట్టుకోమ్మా, నేనే నిన్ను రైలెక్కిస్తాను" అన్నారు. ఆయన మాట తప్పే మనిషి కాదు.

నేతి చేతి ముద్ర ఇత్తడి మీద నిలుస్తుంది కదా అని, సాయంత్రం డబ్బాను తళతళా తుడిచి పెట్టి, మర్నాడు మామ్మ చెయ్యి పడకముందే గుడ్డతో మూత తీసి, ఒకటి తగ్గిందని చూసుకుని, మొహానికి రాసుకునే పౌడరు చల్లి ఊదాను. ముద్రలు తేలాయి గాని వాటిలో ఒక్క గీతా లేదు, అన్నీ నున్నటి మచ్చలే. పౌడరు నాసిరకం అనుకుని, పోల్చి చూద్దామని పాత క్యాలెండరు కాగితాల మీద అందరి ముద్రలూ కాటుకతో తీశాను. తెల్లచొక్కా వేసుకుని తణుకు బయలుదేరిన బాబాయి ఆ వేళ్లు చొక్కాకే తుడుచుకుని, "ఎవరైనా అడిగితే మా ఇంటి ఇనస్పెక్టరమ్మ వేసిన ముద్దరండీ అని చెబుతాలే" అన్నాడు. మామ్మ అయితే, "నా డబ్బాకి నేనే దొంగనటే?" అంటూనే బొటనవేలు చాపింది. ఆవిడ గీతలు దున్నిన చేనులా ఎంత చక్కగా పడ్డాయో.

అమ్మ పెరట్లో గరుకు రాయి మీద బూడిదతో పరిగెలు రుద్దుతోంది. కొల్లేటి చేపలు మా ఇంట్లో తప్పని రోజు లేదు, వాటిని రుద్దేది అమ్మ ఒక్కతే. "నాదెందుకే, చేతులు నీచు వాసన" అంది. కడిగించి, కాటుక రాసి, అద్దాను. కాగితం మీద ఒక నల్లటి మచ్చ పడింది. గీత లేదు. మళ్లీ అద్దాను. మళ్లీ అదే నున్నటి మచ్చ. తలెత్తాను. అమ్మ నా వైపు చూడకుండా చేపల మీద నీళ్లు పోస్తోంది.

భోజనాల దగ్గర నాన్నగారు అడిగారు. "దొరికాడా అమ్మా దొంగ?"

వడ్డిస్తున్న అమ్మ చేతిలో గరిటె ఆగింది.

"పౌడరు మంచిది కాదండి నాన్నగారూ. ముద్రలు పడలేదు."

"ఇంట్లో దొంగే దొరక్కపోతే దేశంలో దొంగల్ని ఏం పడతావు?" అన్నారు, కొంచెం నిరుత్సాహంగానే. అలా ఏలూరులో లెక్కల డిగ్రీలో చేరి, తాడేపల్లిగూడెంలో పంతులమ్మనయ్యాను. కాలేజీకి బయలుదేరిన నాడు అమ్మ నా టిఫిను డబ్బా అడుగున ఒక సున్నుండ పెట్టింది. ఆ రోజు మామ్మ లెక్కలో మళ్లీ ఒకటి తగ్గింది.

ఇప్పుడు మా మనవరాలు ఆ డిగ్రీయే చదువుతోంది, ఎవరి డబ్బానూ కాపలా కాయకుండానే. మొన్న ప్రాక్టికల్స్ కోసమని ఇంకు పెట్టె తెచ్చి నా బొటనవేలు పట్టుకుంది. రెండుసార్లు అద్ది, "అమ్మమ్మా, నీ వేలికి గీతలే లేవు. నువ్వు దొంగతనం చేసినా ఎవరూ పట్టుకోలేరు" అంది. (ఎన్ని పరిగెలు రుద్దాను, ఎంత సుద్దముక్క అరగదీశాను.) అది అటు వెళ్లాక ఆ కాగితం కళ్లజోడు పెట్టుకుని చూశాను. అచ్చం అమ్మ వేలే. డాక్టరు తీపి వద్దన్నాడు గాని, లేచి వెళ్లి వంటింట్లో డబ్బా మూత తీశాను.